నలభై ఏళ్ళు మట్టిలో

"ఇంత ఖాళీ ఎందుకు వదిలావు? కాగితానికి డబ్బులిచ్చేది నేను కదా!"

రాలిత్సా ఒగ్న్యాన్‌తో అన్న మొదటి మాట ఇది. బయట ఏప్రిల్ వాన తలుపు కొడుతోంది. పిల్ల గొడుగు లేకుండా వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు బల్ల మీదికి కారుతున్నాయి. ఆర్నెల్ల కింద పోయిన వాళ్ళమ్మ ఫోటో తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఖాళీ ఉంటేనే కదండీ ఉన్నది కనపడేది," అన్నాడు ఒగ్న్యాన్.

"ఉన్నదెక్కడుంది? పోయింది. పోబట్టేగా నీ దగ్గరికొచ్చాం."

ఒగ్న్యాన్ స్క్రీన్ వైపు తిరిగి, అవసరం లేకపోయినా ఒక అక్షరాన్ని అటు జరిపి మళ్ళీ ఇటు జరిపాడు.

మా ఊళ్ళో మనిషి పోతే ఆ కబురు ముందు గోడలకి తెలుస్తుంది. పైన ఫోటో, చుట్టూ నల్ల గీత, కింద పేరు, దాని కింద నాలుగు ముక్కలు. ఆ కాగితాన్ని ఇంటి గేటుకీ, కరెంటు స్తంభానికీ, రొట్టెల కొట్టు తలుపుకీ, బస్సు స్టాపుకీ అంటిస్తారు. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఆర్నెల్లకి ఒకటి, ఏడాదికి ఒకటి. పడుచువాళ్ళంతా రాజధాని సోఫియాకో, స్పెయిన్‌కో పోయాక మా వీధుల్లో బతికున్న మొహాలకంటే గోడల మీది మొహాలే ఎక్కువయ్యాయి. ఆ కాగితాలు తయారయ్యేది త్సొంకా పిన్ని జిరాక్స్ కొట్లో. తయారుచేసేవాడు ఒగ్న్యాన్. ప్లొవ్‌దివ్‌లో వెబ్ డిజైన్ చదివి, అక్కడ చేరిన కంపెనీ మూతపడితే పెట్టె సర్దుకుని తిరిగొచ్చాడు. "చదివింది వెబ్ డిజైను, చేసేది చావు డిజైను," అని త్సొంకా పిన్ని వచ్చినవాళ్ళందరికీ పరిచయం చేసేది.

"ఈ మూల గులాబీ పెట్టు," అంది రాలిత్సా. "ఆ మూల పావురం. కింద కొవ్వొత్తి. అమ్మకి కొవ్వొత్తులంటే ఇష్టం."

"అన్నీ పెడితే ఏదీ కనపడదండీ. మీ అమ్మగారే కనపడరు."

ఆ ఒక్క మాటకి ఆమె తగ్గింది. అమ్మ ఫోటో, పేరు, చుట్టూ తెల్లటి ఖాళీ. అలాగే అచ్చు వేయించుకుంది. కాగితాలు కోటు లోపల దాచుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నువ్వు వెబ్‌సైట్లు కూడా చేస్తావటగా?"

"చేస్తానండీ. ఎవరైనా అడిగితే."

"మా నాన్న కుండలు చేస్తాడు. చేసేవాడు."

వాళ్ళ నాన్న గెంచో పేరు ఒగ్న్యాన్‌కే కాదు, ఓసం ఏటి పొడుగునా అందరికీ తెలుసు. రంగు చుక్క వేసి, అది ఆరేలోపు కుండని ఒక్క కుదుపు కుదిపితే చుక్కలన్నీ పూరేకుల్లా విచ్చుకునే ఆ నమూనా మా వైపు సొత్తు. అందులో గెంచోది పెద్ద చెయ్యి. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచి కుమ్మరి సారె ముట్టుకోలేదు. కిటికీ పక్కన కూర్చుంటాడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు.

"ఎక్కడెక్కడి వాళ్ళో నీ కుండలు అడుగుతున్నారు నాన్నా అని చూపిస్తే లేస్తాడేమో," అంది రాలిత్సా. అని వానలోకి వెళ్ళిపోయింది.

ఒగ్న్యాన్ బల్ల మీద ఆమె విడిచిన నీటి మడుగు వైపు చూస్తూ కూర్చున్నాడు. త్సొంకా పిన్ని గుడ్డ విసిరింది.

"తుడువు నాయనా. ప్రేమ తరవాత. మదర్‌బోర్డు తడిస్తే మళ్ళీ కొనాల్సింది నేను."

*

ఆ వేసవంతా వాళ్ళు దెబ్బలాడుకున్నారు.

ఒగ్న్యాన్ లాప్‌టాప్ పట్టుకుని కొండ మీది వాళ్ళ షెడ్డుకి వెళ్ళేవాడు. షెడ్డు నిండా దుమ్ము పట్టిన కుండలు, మూకుళ్ళు, జాడీలు. మూల కుండలు కాల్చే ఆవం, దాని నోట్లో సాలెగూడు. మధ్యలో సారె, దాని మీద గోనెగుడ్డ కప్పి ఉండేది.

"పేజీ తెరవగానే మంచు కురవాలి," అనేది రాలిత్సా.

"కుండలకీ మంచుకీ ఏం సంబంధం?"

"అందంగా ఉంటుంది. వెనకాల పిల్లనగ్రోవి మోగాలి."

"ఆఫీసులో దొంగచాటుగా చూసేవాడు ఆ మోతకి ఉలిక్కిపడి మూసేస్తాడు. మళ్ళీ జన్మలో తెరవడు."

"అయితే మా పిల్లి ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి."

"రాలిత్సా!"

"మా పేరు ఇంకా పెద్దది చెయ్యి."

"ఇప్పటికే పేరు మధ్య నుంచి కుండ తొంగిచూస్తోంది."

అతను ఓపిగ్గా చెప్పేవాడు. రంగులు మూడు మించకూడదు. ("మా కుండ మీదే ఐదున్నాయి, దాన్నేం చెయ్యమంటావు, కడగనా?") అన్నీ ఒక గీతకి సర్దినట్టుండాలి. ("ఈ షెడ్డులో పక్క కుండతో వరసలో ఉన్న కుండని ఒక్కదాన్ని చూపించు.") చూసేవాడికి కావాల్సింది దాచకూడదు. వెతుక్కునేలా చెయ్యకూడదు. అసలు అతన్ని ఆలోచించనివ్వకూడదు, చూడగానే తెలిసిపోవాలి.

"ఇంకోటుంది," అన్నాడు ఒకనాడు. "కన్ను ముందు ఒకే ఒకదాని మీద పడాలి. తరవాత రెండోది, ఆ తరవాత మూడోది. ఎక్కడ చూడాలో తెలీక తిరక్కూడదు."

"అలాగా? మరి ఇందాకట్నుంచి నీ కన్ను ఎక్కడ పడుతోంది?"

"కుండ మీద."

"కుండ నీ ఎడం పక్కనుంది, ఒగ్న్యాన్. నేను కుడి పక్కనున్నా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే షెడ్డు పక్కనున్న తమ ఇంటి వైపు చూసింది. కిటికీలో గెంచో అలాగే కూర్చుని ఉన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల ఏ నవ్వునీ చివరిదాకా నవ్వడం ఒగ్న్యాన్ చూడలేదు.

జూలైలో ధైర్యం చేశాడు.

"మరి మన సంగతి, రాలిత్సా?"

రాలిత్సా గోనెగుడ్డ కప్పిన సారె మీద చెయ్యేసి నిలబడింది.

"నాన్న మళ్ళీ దీని మీద చెయ్యి పెట్టనీ. ఆ రోజు అడుగు. ఆ రోజుదాకా ఆ మాట ఎత్తకు."

అంతే, ఒగ్న్యాన్ బతుకంతా ఒక వెబ్‌సైట్ మీద వేలాడింది. అది బాగుండాలి. కుండలు అడిగేవాళ్ళు రావాలి. ముసలాయన లేవాలి. అప్పుడు ఈ పిల్ల ఔనంటుంది. ఇంత బరువు మోసిన పేజీ ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు.

*

గెంచో ఫోటో తీయడానికి మూడు వారాలు బతిమాలాల్సి వచ్చింది. చివరికి పెళ్ళినాటి నల్ల కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నవ్వమంటే "ఎందుకు?" అన్నాడు. ఒగ్న్యాన్ అలాగే తీశాడు.

సెప్టెంబరులో ఒక సంత రోజు పొద్దున, రెండు చావు కాగితాల మధ్య దొరికిన తీరికలో, ఒగ్న్యాన్ పేజీ పూర్తిచేశాడు. రంగులన్నీ తీసేశాడు. గెంచో మొహం నలుపు తెలుపుల్లో, మధ్యలో. ఫోటో గాల్లో తేలిపోకుండా చుట్టూ సన్నటి నల్ల గీత. కింద పేరు. దాని కింద, రాత్రంతా ఆలోచించి పట్టుకున్న మాట: *నలభై ఏళ్ళు మట్టిలో*. ఇక చుట్టూ తెలుపు, చాలా తెలుపు. కుర్చీలో వెనక్కి వాలి చూసుకున్నాడు. ఇంత శుభ్రమైన పని జన్మలో చెయ్యలేదనుకున్నాడు. చెయ్యి దానంతటదే చేసేసినట్టు అనిపించింది.

స్క్రీన్ అలాగే వదిలేసి, "పిన్నీ, ఇప్పుడే వస్తా!" అని అరిచి బస్సు అందుకోవడానికి పరిగెత్తాడు. రాలిత్సా పక్క ఊరి సంతలో పాత కుండలు అమ్ముతోంది.

ఫోన్ చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"అందంగా ఉంది."

"కానీ?"

"ఏమో. ఎక్కడో చూసినట్టుంది."

"మంచి డిజైన్ అలాగే ఉంటుంది. ముందే తెలిసినట్టు. చూసేవాడు ఆలోచించక్కర్లేదు!"

"నాన్న ఇందులో గొప్పగా ఉన్నాడు," అంది మెల్లగా. "నాకు భయమేసేంత గొప్పగా."

ఆ రోజు రెండు జాడీలు అమ్ముడుపోయాయి. తిరుగు బస్సులో వాన పట్టుకుంది. అద్దాల మీద ఆవిరి. రాలిత్సా దాని మీద వేలితో ఒక పిల్లి బొమ్మ గీసింది.

"ఇది కూడా వద్దా?"

"ఇది ఉండనీ."

"పోనీలే, ఒక్కటైనా ఒప్పుకున్నావు." తల అతని భుజానికి ఆన్చింది. "ఒగ్న్యాన్, ఈ సాయంత్రం నాన్నకి పేజీ చూపిద్దాం. నా మనసు చెబుతోంది, లేస్తాడు. లేస్తే..."

"లేస్తే?"

"లేస్తే నువ్వడుగు. నేను సిగ్గుపడి లోపలికి పరిగెడతా. అదంతా ఉంటుందిగా."

బస్సు దిగారు. ఒకే గొడుగు. అతను గొడుగు తెరిచే తొందర్లో ఉన్నాడు, ఆమె సంచీ సర్దుకుని తలెత్తింది. ఎదురుగా స్తంభానికి, జిగురు ఇంకా కారుతూ, గెంచో.

నల్ల కోటు. నల్ల గీత. పేరు. నలభై ఏళ్ళు మట్టిలో.

రాలిత్సా నోట్లోంచి వచ్చిన చప్పుడు మాట కాదు. సంచీ పడేసింది. అందులో అమ్ముడుపోని కుండ భళ్ళున పగిలింది. అది కూడా వినకుండా కొండ మీదికి పరిగెత్తింది. రొట్టెల కొట్టు తలుపు మీద నాన్న. చర్చి గోడ మీద నాన్న. మలుపులో ఎండిపోయిన పంపు మీద నాన్న.

ఒగ్న్యాన్ వెనకాలే పరిగెత్తాడు. రెండో స్తంభం దగ్గరికి వచ్చేసరికి అతనికి అర్థమైంది. అయినా పరిగెత్తాడు.

గేటు దగ్గర జనం. అందరి చేతుల్లో పూలు, జతలు జతలుగా. బతికున్నవాళ్ళకి బేసి, పోయినవాళ్ళకి సరి, మా వైపు చంటిపిల్లకి కూడా తెలిసిన లెక్క. జనం ఎవరూ కదలడం లేదు. ఎందుకంటే గేటు ముందు, చెప్పులేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, గెంచో నిలబడి తన కాగితం తను చదువుకుంటున్నాడు. పక్కనే అతని భార్య కాగితం, ఎండకి వెలిసిపోయి.

రాలిత్సా వెళ్ళి తండ్రిని రెండు చేతులా చుట్టేసింది. భోరుమంది. ఆయన కదల్లేదు.

"స్క్రీన్ మీదుందయ్యా!" అని త్సొంకా పిన్ని గుండెలు బాదుకుంది. ఆవిడ చేతికి ఇంకా జిగురుంది. "ఆర్డరనుకున్నా! వీడు మర్చిపోయి పోయాడనుకున్నా! నల్ల గీత, ఫోటో, పేరు, నలభై, మట్టి! చచ్చిపోవడానికి ఇంకేం కావాలి మనిషికి? ఏడ్చుకుంటూ అంటించానయ్యా ఊరంతా!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

గెంచో కళ్ళజోడు తీశాడు.

"ఫోటో బాగుంది," అన్నాడు. "తియ్యకండి. ఎలాగూ మళ్ళీ అంటించాలిగా."

ఆ మాట ఆయన ఎగతాళిగా అనలేదు. ఎండబెట్టిన బట్టలు లోపలికి తేవక్కర్లేదు, వాన రాదు అన్నంత మామూలుగా అన్నాడు. జనం పూలు ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి పట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు.

రాలిత్సా తలెత్తి ఒగ్న్యాన్‌ని చూసింది.

"నీ చేతికి చావు తప్ప ఇంకోటి రాదు," అంది. "ఏం ముట్టుకున్నా అదే వస్తుంది. ఆ పేజీ తీసెయ్. నువ్వు కూడా కనపడకు."

*

ఒగ్న్యాన్ ఊరంతా తిరిగి కాగితాలు పీకాడు. త్సొంకా పిన్ని జిగురు పిండితో కాచింది. బతికినన్నాళ్ళూ మనుషులు ఒకళ్ళనొకళ్ళు అంత గట్టిగా పట్టుకోరు. గోళ్ళు విరిగాయి. కొన్నిచోట్ల మొహం చిరిగి నల్ల కోటు మాత్రం గోడకి మిగిలిపోయింది.

ఆమె అన్నది శాపమో, నిజమో, అప్పట్నుంచి అతను ఏం చేసినా అదే వచ్చేది. ఏటి పక్క కాఫీ హోటలాయన ఐస్‌క్రీం ధరల కాగితం అడిగాడు. ఒగ్న్యాన్ చేసిచ్చింది చూసి, "నా ఐస్‌క్రీం ఎప్పుడు పోయింది నాయనా?" అన్నాడు. బడి పిల్లల నాటకానికి ప్రకటన చేస్తే హెడ్మాస్టరమ్మ దణ్ణం పెట్టి వెనక్కిచ్చింది. నల్ల గీత తీసేసినా లాభం లేకపోయింది. ఆ ఖాళీలోనే చావుంది. ఏళ్ళ తరబడి వేళ్ళకి పట్టింది తల చెబితే వదులుతుందా?

కొండ మీదికి మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ షెడ్డు తలుపు లోపలి నుంచి గడియ. పేజీ తీసేశాడు. ఆ చిరునామా కొడితే ఇప్పుడు ఏమీ రాదు. అతనికి ఆ ఏమీ రానితనం చూస్తూ కూర్చోవడం అలవాటైంది. త్సొంకా పిన్ని తిట్టడం మానేసింది. దాంతో ఇంకా భయమేసింది.

అక్టోబరు మధ్యలో, కొట్టు తలుపు తెరుచుకుని గెంచో లోపలికొచ్చాడు. ఏడాదిలో ఆ మనిషి కొండ దిగడం అదే మొదలు. త్సొంకా పిన్ని దయ్యాన్ని చూసినట్టు లేచి, కాఫీ తెస్తానని మిషన్ దగ్గరికి పారిపోయింది. కాగితపు కప్పు ఆయన ముందు పెట్టి, బ్యాంకులో పనుందని బయటికే పోయింది.

"మా ఆవిడది ఏడాది కాగితం," అన్నాడు గెంచో.

"మామా, ఆ రోజు నేను..."

"అదొదిలెయ్. ఈసారి ఖాళీ పెట్టకు."

"ఏం పెట్టమంటారు?"

"ఏదైనా. పావురం, గులాబీ, కొవ్వొత్తి. కొండముచ్చు బొమ్మ పెట్టినా సరే. రోజూ గేటు తీసినప్పుడల్లా ఆ తెల్లది కనపడుతుంది నాకు. మా ఆవిడ నోరు మూసుకున్న గడియ లేదురా. కోళ్ళతో మాట్లాడేది, కుండతో మాట్లాడేది, నేను వినకపోతే నా టోపీతో మాట్లాడేది. ఆవిడ చుట్టూ ఇంత నిశ్శబ్దం ఎలా పెట్టావు నువ్వు?"

ఒగ్న్యాన్ తల వంచుకున్నాడు. మంచు, పిల్లనగ్రోవి, పిల్లి. ఆ పిల్ల అడిగినవన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇంట్లో ఉన్న ఖాళీ చాలక పేజీలో కూడా ఎందుకని అడిగిందామె. తను చదివిన చదువులో దానికి జవాబుందనుకున్నాడు.

గెంచో కాఫీ కప్పు అందుకున్నాడు. ఎత్తేసరికి కాఫీ బల్ల మీద, కాగితాల మీద, చొక్కా మీద పడింది. కప్పు దించాడు. చెయ్యి దించినా ఆగలేదు. బల్ల అంచు మీద వేళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. రెండో చేత్తో పట్టుకున్నాడు. రెండోది కూడా వణుకుతోంది.

ఒగ్న్యాన్ తడిసిన కాగితాలు పక్కకి తీశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆవిడ ఉండగానే. సారె మీద కుండ పైకి లేపేది నేను. అంచు తీసేది ఆవిడ. తలుపేసుకుని చేసేవాళ్ళం. ఊరికి కుమ్మరిని నేను." గెంచో కళ్ళు తుడుచుకోవాలనుకుని, ఆ చేతులతో అది కుదరదని మానేశాడు. "రాలిత్సాకి చెప్పకు. నాన్న దుఃఖంలో ఉన్నాడనుకుంటోంది. అనుకోనీ. దుఃఖమైతే తగ్గుతుందని ఆశ ఉంటుంది. ఇది తగ్గేది కాదు."

"మామా, మీరు సారె మీద చెయ్యి పెట్టిన రోజునే నన్ను అడగమంది."

"ఏం అడగమంది?"

ఒగ్న్యాన్ చెప్పలేదు. చెప్పకుండానే ముసలాయనకి తెలిసింది. 

"అయితే నువ్వు ముసలాడివైపోతావురా," అన్నాడు. లేచి, తలుపు గడియ తీయడానికి రెండుసార్లు తడుముకుని, వెళ్ళిపోయాడు.

*

చెబితే ఆ ముసలాయనకి ద్రోహం. చెప్పకపోతే ఆ పిల్ల రాని రోజు కోసం జీవితాంతం గోనెగుడ్డ దులుపుతూ కూర్చుంటుంది, తను కొండ కింద కూర్చుంటాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఒగ్న్యాన్ రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడో రోజు కొండెక్కాడు. చూసేవాడికి కావాల్సింది దాచకూడదని ఆ షెడ్డులోనే గొప్పగా చెప్పినవాడు తనే.

ఆ రోజు గడియ లేదు. రాలిత్సా ఒక జాడీ తుడుస్తోంది. తలెత్తలేదు.

"కనపడద్దన్నాగా."

"చెప్పకూడని మాట ఒకటి చెప్పి పోతా."

"నాన్న చేతులేనా?"

అతను నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఆమె జాడీని అరలో పెట్టింది. ఇంకోటి తీసింది.

"అమ్మ పోయిన వారానికే తెలిసింది. ఆయన సూప్ తాగేటప్పుడు నేను పొయ్యి వైపు తిరిగి ఏదో కలుపుతుంటా. గిన్నెలో ఏమీ ఉండదు. ఉత్త గరిటె తిప్పుతుంటా. ఆయన చొక్కా మార్చుకుని వస్తాడు. మరక ఎక్కడిదని నేనడగను."

"తెలిసి కూడా ఆ షరతు ఎందుకు పెట్టావ్? పేజీ ఎందుకు చేయించావ్?"

"నువ్వడిగినప్పుడు ఔననాలనిపించింది కనక." చేతిలో గుడ్డని పిండేసినట్టు నలిపింది. "ఔనంటే ఈ ఇంట్లో ఇక మారేదేమీ లేదని ఒప్పుకున్నట్టే కదా. ఆయన చెయ్యడు. ఆవం రగలదు. అమ్మ రాదు. ఇక మిగిలిన పని నేను పెళ్ళి చేసుకోవడమే అన్నట్టు. ఎవరో ఒకరు ఆశ ఉన్నట్టు నటించకపోతే ఆ కిటికీ దగ్గర్నుంచి ఆయన ఇటు తిరగడు, ఒగ్న్యాన్. నా ముందు ఆయన నటిస్తున్నాడు, ఆయన ముందు నేను. మా ఇద్దరి మధ్యకి నువ్వొక అందమైన చావు కాగితం తెచ్చావు."

"అది నా చేతి తప్పు."

"తెలుసు. ఆ రోజు నేనన్నది కూడా అలాంటిదే. నోటి తప్పు." అప్పుడు అతని వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గోళ్ళు ఏమయ్యాయి?"

"పిన్ని జిగురు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని చూసింది. వదల్లేదు.

"పేజీ మళ్ళీ పెట్టనా?" అన్నాడు, ఏం మాట్లాడాలో తెలియక.

"ఏం పెడతావు అందులో?"

"ఉన్న కుండలు. నువ్వు చెప్పిన మంచు. పిల్లి."

"కుండలు అయిపోయాక?"

"అయిపోయాయని రాస్తా."

"'మళ్ళీ త్వరలో' అని రాయవా? అందరూ రాస్తారుగా."

"రాయను."

రాలిత్సా కింద కూర్చుండిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడాదిగా ఇంట్లో చప్పుడు కాకుండా ఏడ్చినవన్నీ కలిపి ఏడ్చింది. ఒగ్న్యాన్ పక్కనే ఆ దుమ్ములో కూర్చున్నాడు. ఊరుకోమనలేదు, అంతా సర్దుకుంటుందనలేదు. సర్దుకోదని ఇద్దరికీ తెలుసు.

చివరికి ముక్కు తుడుచుకుని అడిగింది. "మరి నా గురించి ఏం రాస్తావు?"

"నువ్వు కావాలని రాస్తా. పెద్ద అక్షరాలతో."

"ఎంత పెద్దవి?"

"నీకు నచ్చినంత. ఈసారి పేచీ పెట్టను."

ఆమె నవ్వింది. ఏడుపు కలిసిన నవ్వు, ముక్కు కారుతున్న నవ్వు. కానీ మధ్యలో కిటికీ వైపు చూడలేదు. చివరిదాకా నవ్వింది.

*

ఏడాది రోజున సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచి, ముగ్గురూ ఇంటికొచ్చారు. గేటుకి కొత్త కాగితం. పావురం, గులాబీ, కొవ్వొత్తి, మూల ఒక కోడి కూడా. అంత అసహ్యమైన డిజైన్ ఒగ్న్యాన్ ఎప్పుడూ చెయ్యలేదు. గెంచో దాని ముందు కాసేపు నిలబడి, "ఇప్పుడు మాట్లాడుతున్నట్టుంది," అన్నాడు.

వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇంట్లో కాచిన రకియా సారా సీసా తెచ్చి, మూడు చిన్న గ్లాసులు పెట్టింది రాలిత్సా. పోయడం ఇంటి పెద్ద పని. గెంచో సీసా వైపు చూసి, చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు.

"నువ్వు పొయ్యమ్మా. నాకు మనసు బాగాలేదు."

రాలిత్సా పొయ్యి వైపు తిరగబోయింది. ఆగింది. మళ్ళీ కూర్చుంది.

"నువ్వే పొయ్ నాన్నా," అంది. "వణికితే వణకనీ."

గెంచో ముందు కూతుర్ని చూశాడు. తరవాత ఒగ్న్యాన్‌ని చూశాడు. "చెప్పావా?"

"చెప్పకముందే తెలుసట మామా."

ముసలాయన మొహంలో ఏదో కూలింది. ఏడాదిగా నిలబెట్టిన గోడ అది. కూలాక కొంచెం గాలాడినట్టు కూడా ఉంది. చేతులు పైకి తీశాడు. సీసా ఎత్తాడు. సీసా మూతి గ్లాసు అంచు మీద టకటకలాడింది. సగం గ్లాసులో, సగం బల్ల మీద. ఎవరూ తల తిప్పుకోలేదు. ఎవరూ తుడవలేదు. మూడు గ్లాసులూ నిండేసరికి బల్ల మీద చిన్న ఏరు పారింది.

"పోయినవాళ్ళకి రెండు చుక్కలు నేల మీద పోస్తాం," అన్నాడు గెంచో, బల్ల అంచు నుంచి కారుతున్న ధారని చూస్తూ. "మా ఆవిడకి ఇంత పోశాను. తూలుతూ ఉంటుంది ఇప్పుడు."

రాలిత్సా నవ్విందో, ఏడ్చిందో.

పోయినవాళ్ళ పేరు మీద తాగేటప్పుడు మా వైపు గ్లాసులు తాకించరు. తాకించడం పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ. ముగ్గురూ గ్లాసులు ఎత్తారు. "దేవుడు అమ్మని క్షమించుగాక," అంది రాలిత్సా. గెంచో చెయ్యి గాల్లో వణుకుతూ పక్కకి వచ్చింది. అతని గ్లాసు ఒగ్న్యాన్ గ్లాసుకి టింగుమని తగిలింది.

ముగ్గురూ బిగుసుకుపోయారు.

"నాన్నా," అంది రాలిత్సా. "తాకించావా, తగిలిందా?"

"తగిలింది," అన్నాడు గెంచో.

కాసేపాగి, ఆయన గ్లాసు ఒగ్న్యాన్ గ్లాసుకి రెండోసారి కూడా తగిలింది.